మా ముచ్చట: చందా నడక

ఈ మాసం మా శీర్షికకు విషయం వెతుక్కోవలసిన పని లేకపోయింది. విషయమే మెట్లెక్కి మా ఖోలీకి వచ్చింది. మొన్న ఆదివారం సాయంత్రం మా చాల్ కుర్రవాళ్లు ఏడుగురూ, ఆడపిల్లలు ఇద్దరూ ఒక పెద్ద కాగితం చుట్ట పట్టుకుని వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, "మీ పత్రికలో ఇది వేయాలి" అన్నారు. కాగితం విప్పితే దాని మీద కామాఠీపురం నుంచి షోలాపూరు దాకా ఎర్ర సిరాతో ఒక గీత. గీత పొడవునా చుక్కలు. చుక్కకొక ఊరు: పన్వేల్, ఖోపోలీ, లోణావళా, పుణే, ఇందాపూర్, టెంభూర్ణీ, మోహోళ్. మొత్తం సుమారు 400 కిలోమీటర్లు. పద్ధెనిమిది రోజుల నడక. కిలోమీటరుకు ఇంత అని ముందుగా దాతలచేత రాయించుకుని, నడిచి వచ్చి, ఆ సొమ్ము వసూలు చేసి, పరేలులో టాటా ఆసుపత్రికి మన ఊళ్ల నుంచి వచ్చే రోగుల బసకూ భోజనానికీ ఖర్చు పెడతారట.

వినగానే ముచ్చటేసిన మాట నిజం. ఆ వెంటనే సందేహం కలిగిన మాట కూడా నిజం. ఆ రెండూ దాచుకోకుండా చదువరుల ముందు పెట్టడమే మా ఉద్దేశం.

టాటా ఆసుపత్రి 1941లో తెరిచారు. నాటినుంచి నేటివరకు క్యాన్సరు అన్న మాట వినబడగానే నిజామాబాదు నుంచీ, కరీంనగరు నుంచీ, అటు శ్రీకాకుళం నుంచీ కూడా మనవాళ్లు రైలెక్కి ఇక్కడికే వస్తున్నారు. వైద్యానికి ఏదో ఒక దారి దొరుకుతుంది. ప్రభుత్వ పథకమో, ఆసుపత్రి రాయితీయో, ధర్మ సంస్థ సాయమో. దొరకనిది తలదాచుకునే చోటు. వారానికొక సూది, పది రోజులకొక పరీక్ష అంటూ నెలల తరబడి ఉండమంటారు. ఊరికి పోయి రావడానికి ఒంట్లో శక్తి ఉండదు, ఇక్కడ ఉండడానికి చేతిలో డబ్బుండదు. పరేలు ఫుట్‌పాత్ మీద రోగీ, రోగి పక్కన సంచీ, సంచీ పక్కన స్టవ్వూ పెట్టుకుని పడుకున్నవారిని చూడని ముంబైవాసి ఎవరు? జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి, ఎనిమిదేళ్ల కొడుకుతో మా చాల్ రెండో అంతస్తు వరండాలోనే నలభై రోజులు గడిపాడు. పిల్లవాడికి పాలు ఒక ఇంటినుంచి, అన్నం ఒక ఇంటినుంచి. ఆ కుర్రవాళ్లు కాగితం పట్టుకుని తిరగడానికి కారణం ఆ పిల్లవాడే. ఇప్పుడు ఊళ్లో బడికి పోతున్నాడని మొన్ననే ఫోను వచ్చింది.

కాబట్టి కారణం గొప్పదే. మా సందేహం కారణం మీద కాదు, నడక మీద.

మా సందేహాన్ని మాకంటే బాగా నాలుగో నంబరు ఖోలీ పెద్దమనిషి బయటపెట్టారు. మిల్లులో గుమాస్తాగా చేసినవారు. 1982 సమ్మెలో పొయ్యి వెలగని ఇళ్లకు గోధుమలు పంచిన లెక్క ఆయన దగ్గర ఈనాటికీ ఉంది. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒక కునుకు తీస్తే షోలాపూరు వస్తుంది. ఆ పద్ధెనిమిది రోజులూ మీరు తొమ్మిదిమంది ఉద్యోగాలు చేసుకుని ఆ జీతం రాళ్లు రోగులకిస్తే పోలేదా?" అన్నారు. లెక్క వేస్తే ఆయన మాటే గెలిచేటట్టు ఉంది. కుర్రవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు.

ఇంతలో కింది అంతస్తు బీడీల అవ్వ, చేట ఒళ్లో పెట్టుకునే, తన ప్రశ్న తాను అడిగింది. "ఏం బిడ్డా, మీరు నడుస్తే ఆ పేషెంటుకేమొస్తది? పైసలిస్తే వస్తది గని."

"ఊరికే అడిగితే ఎవరిస్తరవ్వా?" అంది ఒక అమ్మాయి.

"నేనిస్త. నన్ను ఊరికే అడుగు" అని అవ్వ కొంగు ముడి విప్పి ఇరవై రూపాయల నోటు తీసి చేటలో వేసింది.

ఆ నోటే ఈ యాత్రకు మొదటి చందా. ఇంకా ఒక్క అడుగైనా వేయకముందే వచ్చిన చందా. ఊరికే అడిగితే ఇచ్చేవాళ్లు లేకపోలేదు, వాళ్ల దగ్గర ఇరవై రూపాయలే ఉంటాయి. ఇరవై వేలున్నవాడు తలెత్తి చూడాలంటే వాడి ముందు ఎవడో ఒకడు నడవాలి, పరుగెత్తాలి, కొండెక్కాలి. లోకం తీరు అట్లా ఉంది. ఏటా జనవరిలో మన నగరంలో జరిగే మారథాన్ పరుగు 2004లో మొదలయింది. దాని పేరుమీద ధర్మకార్యాలకు కోట్ల రూపాయలు పోగవుతున్నాయి. పరుగెత్తినవాడి చెమటకు వెల కట్టి ఇచ్చేవారు, రోగి కన్నీటికి ఎందుకు కట్టరని అడిగితే సమాధానం మా దగ్గర లేదు.

నడకలు మనవాళ్లకు కొత్త కావు. తిరుపతి కొండ కాలినడకన ఎక్కుతాం. మన గల్లీల నుంచి షిర్డీకి పల్లకీతో నడిచి వెళ్లేవారున్నారు. ఆషాఢంలో ఆళందీ నుంచి పంఢరపురం దాకా సాగే వారకరీల బారు చూసిన కళ్లు ధన్యం. కాని అవన్నీ మొక్కు నడకలు. నడిచి ఇతరుల కోసం అడిగి తేవడం వేరు సంగతి. అందులో మన తెలుగునేల మీద జరిగినంత పెద్ద ప్రయోగం మరెక్కడా జరిగి ఉండదని మా నమ్మకం.

మన చాళ్లలోని పద్మశాలీ కుటుంబాలకు పోచంపల్లి అనగానే చీర గుర్తుకు వస్తుంది. ఆ ఊరిపేరు భూదాన్ పోచంపల్లి ఎందుకయిందో పిల్లలకు ఎందరికి తెలుసో మాకు తెలియదు. 1951 మార్చిలో ఆచార్య వినోబా భావే వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన బయలుదేరారు. సుమారు 300 మైళ్లు నడిచి హైదరాబాదు పక్కనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. అది ముగిశాక వెనక్కు తిరగకుండా నల్లగొండ జిల్లాలోకి నడిచారు. తెలంగాణా సాయుధ పోరాటం అప్పటికింకా చల్లారలేదు. పగలు పోలీసులు, రాత్రి దళాలు, మధ్యన ప్రజలు. ఏప్రియల్ 18వ తేదీన పోచంపల్లిలో దళితవాడవారు వినోబాకు తమ గోడు చెప్పుకున్నారు. మాకు భూమి కావాలి, దున్నుకుని బ్రతుకుతాం అన్నారు. ఎంత కావాలని అడిగితే, నలభై కుటుంబాలకు 40 ఎకరాలు తరి, 40 ఎకరాలు ఖుష్కీ, మొత్తం 80 అన్నారు. ప్రభుత్వానికి రాద్దామా, ఏం చేద్దామా అని ఆలోచిస్తూనే, ఈ ఊళ్లో ఇచ్చేవారెవరైనా ఉన్నారా అని వినోబా సభలో అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగింది 80, వచ్చింది 100. వినోబా అది ఈశ్వర సంకేతమనుకున్నారు. ఆ యాత్రలో తెలంగాణాలో 51 రోజులు తిరిగి 12 వేల ఎకరాలకు పైగా సేకరించారు. తరువాత దేశమంతా నడిచారు. ఎండ లేదు, వాన లేదు. తెల్లవారకముందే లేచి నడక, ఊరు చేరాక సభ, మర్నాడు మళ్లీ నడక. తిరిగి పౌనార్ ఆశ్రమం చేరింది 1964 ఏప్రియల్‌లో. పదమూడేళ్లు!

ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. తరువాతి సంగతే మన కుర్రవాళ్లకు పనికివచ్చేది. 1957 నాటికి 5 కోట్ల ఎకరాలు సేకరించాలని సంకల్పం. వచ్చిన వాగ్దానాలు 40 లక్షల ఎకరాలు దాటాయి. సంకల్పంతో పోలిస్తే తక్కువే గాని, ఒక మనిషి కాళ్లతో తెచ్చినదానిగా చూస్తే అంత భూమి లోకంలో ఎవరు తెచ్చారు? అయితే ఆ 40 లక్షలలో చాలా భాగం పేదవాని నాగలి కిందికి రానేలేదు. కొన్నిచోట్ల ఇచ్చింది రాళ్లగుట్ట, కొన్నిచోట్ల అప్పటికే కోర్టులో ఉన్న భూమి. మరికొన్నిచోట్ల తండ్రి మాట ఇస్తే కొడుకు కాదన్నాడు. హైదరాబాదు చుట్టుపక్కల భూమి ధర పెరిగేకొద్దీ భూదాన భూముల మీద వ్యాజ్యాలూ పెరిగాయి. అవి ఇప్పటికీ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఇందులో ఆ మహానుభావుని పాదాల తప్పేమీ లేదు. నడిచేవాడు మర్నాడు పొద్దున్నే పక్క ఊరికి సాగిపోతాడు. గొలుసు పట్టుకుని భూమి కొలిచేవాడు, పట్టా రాసేవాడు వెనుక ఉండిపోవాలి. ఉండవలసినంతమంది ఉండలేదు.

పరుల సంగతి ఎందుకు, మన ఇంటి సంగతే చెప్పుకుందాం. కిందటి శీతకాలంలో ఇదే చాల్ నుంచి ఒక చిన్న నడక జరిగింది. పొద్దున్నే కర్జత్ లోకల్ ఎక్కి దిగి, కొండివడే నుంచి కొండాణే గుహల మీదుగా అడవి దారిన రాజమాచీ ఎక్కి, ఉధేవాడీలో రాత్రి బస చేసి, మర్నాడు లోణావళాకు నడిచారు. ఇరవై ఇద్దరు వెళ్లారు. వయసు మరచి మేమూ వెళ్లాం. గుహలు దాటాక నిలువుగా ఎక్కే ఆ దారిలో మా మోకాళ్లు మాతో మాట్లాడిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. పైకి చేరాక ఒకపక్క శ్రీవర్ధన్ దుర్గం, ఒకపక్క మనరంజన్ దుర్గం, కింద ఉల్హాస్ లోయ నిండా తెల్లని మంచు. పుట్టినప్పటినుంచి గల్లీ గోడలు తప్ప ఎరగని పిల్లలు గంటసేపు నోట మాట లేక కూర్చున్నారు. అది మాత్రం ఏ చందా పుస్తకానికీ ఎక్కని లాభం.

ఇక చందా పుస్తకం సంగతి. బయలుదేరేముందు ఎక్కడ చూసినా ఉత్సాహం. కిలోమీటరుకు పది అన్నవారు, ఇరవై అన్నవారు. మీరెంత తెస్తే అంత నేనూ కలుపుతానన్న ఒక వ్యాపారస్థుడు. బనియన్లు ఆయనే కుట్టించాడు. రొమ్ము మీద దుకాణం పేరు జానెడు అక్షరాల్లో, వీపు మీద రోగుల సహాయార్థం అన్న ముక్క చీమ తలకాయంత అక్షరాల్లో. తిరిగివచ్చాక వసూలుకు బయలుదేరితే అసలు నడక అప్పుడు మొదలయింది. ఒకరు ఊరికి వెళ్లారు, ఒకరు వచ్చే నెల అన్నారు, ఒకరు "నిజంగా అంత దూరం నడిచారా?" అని కిలోమీటర్లు బేరమాడారు. బనియన్ల ఆసామీ ఫోను ఎత్తడం మానేశాడు. లోణావళా నుంచి బస్సు ఖర్చు, చిక్కీ పొట్లాలు, బ్యానరు, అన్నీ చందాలోంచే పోయాయి. రాసిచ్చిన మాటలో మూడోవంతు ఈనాటికీ బాకీ. ఆ బాకీదారుల జాబితా నాలుగో నంబరు పెద్దమనిషి మాకు చూపించినప్పుడు కింది నుంచి మూడో పేరు మాదే! రాజమాచీ దిగిన సంతోషంలో ఇచ్చేశామనే అనుకున్నాం. ఆ రాత్రే చెల్లించి రశీదు తీసుకున్నాం గాని, సిగ్గు మాత్రం ఇంకా తీరలేదు.

లోకంలో ఈ విద్యలో ఆరితేరినవారు లేకపోలేదు. కెనడా దేశపు కుర్రవాడు టెర్రీ ఫాక్స్ పేరు వినే ఉంటారు. 1977లో ఎముక క్యాన్సరు వల్ల కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆసుపత్రిలో తోటి పిల్లల బాధ చూసిన ఆ కుర్రవాడు, కృత్రిమ కాలితో దేశం ఆ తీరం నుంచి ఈ తీరం దాకా పరుగెత్తి, దేశజనాభాలో తలకొక డాలరు చొప్పున క్యాన్సరు పరిశోధనకు తెస్తానన్నాడు. 1980 ఏప్రియల్ 12న బయలుదేరాడు. మొదట్లో పలకరించినవారు తక్కువ. రోజూ ఇంచుమించు 42 కిలోమీటర్లు, కుంటుతూ. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకిందని తెలిసి సెప్టెంబరు 1న ఆగిపోయాడు. తరువాతి ఫిబ్రవరికి తలకొక డాలరు లెక్కన 2 కోట్ల 40 లక్షల డాలర్లు పోగయ్యాయి. జూన్‌లో అతను కన్నుమూశాడు, ఇరవై మూడో ఏడు నిండకుండానే. అతని పేరున ఏటా ఎన్నో దేశాల్లో పరుగులు జరుగుతున్నాయి, మన ముంబైలో కూడా జరిగాయి. మాకు అతనిలో అన్నిటికన్నా నచ్చింది మరొకటి. తన పరుగును ఏ కంపెనీ సరుకు అమ్ముకోవడానికీ వాడుకోనివ్వలేదు. మా బనియన్లు తలచుకుని ఇది రాస్తున్నామని చదువరులు గ్రహించే ఉంటారు.

దీనికి మరొక ముఖం కూడా ఉంది. 2020లో ఇంగ్లండులో టామ్ మూర్ అనే వృద్ధ సైనికుడు, నూరేళ్లు నిండబోతూ, నడిచే చట్రం పట్టుకుని తన ఇంటి తోటలోనే నూరు చుట్లు తిరిగి, ఆసుపత్రుల సహాయనిధికి 3 కోట్ల 20 లక్షల పౌన్లకు పైగా తెచ్చారు. ఆ సొమ్ము చేరవలసిన చోటికి చేరింది. కాని తరువాత ఆయన పేరిట కుటుంబం పెట్టిన సంస్థ వ్యవహారంలో సొంతవారు లాభం పొందారని అక్కడి ధర్మాదాయ కమీషను 2024లో తేల్చింది. ముసలాయన నడకకు మచ్చ లేదు. మచ్చ పుస్తకానికి.

దూరదేశాల దాకా ఎందుకు? కామాఠీపురం నుంచి జె.జె. ఆసుపత్రికి నడిచి పావుగంట. దాని ఆవరణలో రోగుల బంధువులు తలదాచుకునే ధర్మశాల గాడ్గే మహారాజ్ పేరిటే ఉంది. దాదరులో ఆయన మిషన్‌వారి ధర్మశాలలో టాటా ఆసుపత్రి రోగులకు చోటిస్తారు, మన తెలుగువారెందరో అక్కడ ఉండి వెళ్లారు. ఆ మహారాజుకు రాజ్యం లేదు. చినిగిన గుడ్డలు, చేతిలో చీపురు, ఒక మట్టి చిప్ప. ఊరూరా తిరగడం, ఊరు చేరగానే వీధి ఊడ్వడం, సాయంత్రం కీర్తన చెప్పడం. జనం ఇచ్చిన సొమ్ము పంఢరపురంలోనూ, నాసిక్‌లోనూ, ఇంకా ఎన్నోచోట్ల ధర్మశాలలయింది, బళ్లయింది. పాదాలకు మొక్కబోతే ఒప్పుకునేవారు కారు. 1956 డిసెంబరులో అమరావతికి పోయే దారిలోనే ప్రాణం విడిచారు. ఆయన ఎన్ని వేల మైళ్లు తిరిగారో ఎవరూ కొలవలేదు. కొలవకుండానే జనం ఇచ్చారు. ఎందుకంటే ముందు వచ్చి వీధి ఊడ్చినవాడు తరువాత చెయ్యి చాపాడు.

మన కామాఠీపురం చెయ్యి కూడా ఇవ్వడం ఎరగనిదేమీ కాదు. ఈ నగరపు గోడలు కట్టిన కామాఠీల వాడ ఇది. జ్యోతిరావు ఫూలే మహాశయుడు 1873లో సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు వెన్నుదన్నుగా నిలిచినవారిలో బొంబాయి తెలుగు పెద్దలు జాయా కరాడీ లింగూ, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటివారున్నారు. ఆ సమాజానికి అచ్చుయంత్రం ఇచ్చింది మన తెలుగు పెద్దలే. వారు ఏ కొండా ఎక్కమని ఎవరినీ అడగలేదు.

ఇవన్నీ చెప్పి మేము కుర్రవాళ్లను నిరుత్సాహపరుస్తున్నామని అనుకోకండి. ఆ రాత్రి పదకొండింటిదాకా వరండాలో చర్చ జరిగి కొన్ని సంగతులు తేలాయి. నడిచేవారి తిండి, చెప్పులు, తిరుగు రైలు ఎవరివి వారే పెట్టుకోవాలి, చందాలో ఒక్క పైసా ముట్టరాదు. బనియన్లు లేవు. వాగ్దానం రాసినవారు సగం ముందే ఇవ్వాలి, మిగతా సగం షోలాపూరు చేరిన వారం లోపల. వినాయక చవితి మండపాలవారు తీసుకున్నట్టే ధర్మాదాయ కమీషనరు కార్యాలయం అనుమతి ముందుగా తీసుకోవాలి. పన్ను మినహాయింపు కోరేవారు 2 వేల రూపాయలకు మించి నగదుగా ఇస్తే లాభం లేదు గనుక చెక్కుగానో, బ్యాంకు ద్వారానో ఇవ్వాలి. లెక్క ప్రతి శనివారం నీళ్ల కొళాయి దగ్గర గోడకు అంటించాలి, చదవనివారికి చదివి వినిపించాలి. ఖజానా ఎవరిదగ్గర? రైలెక్కి పొమ్మన్న నాలుగో నంబరు పెద్దమనిషి దగ్గరే! ఆయన వద్దంటూనే కొత్త పుస్తకం తెరిచి మొదటి పుటలో అవ్వ ఇరవై రూపాయలు జమ రాశారు. ఆడపిల్లల తల్లులు రాత్రి బసల సంగతి తేలందే పంపమన్నారు. సరి అయిన మాటే, ఆ సంగతి ఇంకా తేలవలసి ఉంది.

అంతా అయిందనుకుంటుండగా మా గల్లీ మేస్త్రీ పని నుంచి వచ్చాడు. పాలమూరు మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. సిమెంటు చేతులతోనే కాగితం మీదికి వంగి చూశాడు. కుర్రవాళ్లు ఉత్సాహంగా, "నువ్వూ రావన్నా, నీకంటే నడిచేవాడెవడున్నడు?" అన్నారు.

"నేను రాను. ఒకసారి నడిచిన" అన్నాడు.

2020 మార్చిలో దేశమంతా తాళం పడ్డప్పుడు ఈ మేస్త్రీ నవీ ముంబైలో కట్టడం పని మీద ఉన్నాడు. పని ఆగింది, కూలి ఆగింది, నెలాపదిహేను రోజులు చూసి మరి ఆరుగురితో కలిసి కాలినడకన బయలుదేరాడు. ఇందాపూర్ దాటిందాకా, తొమ్మిది రోజులు, కాళ్లే బండి. ఆ తరువాత ఒక లారీవాడు జహీరాబాదు దాకా ఎక్కించుకున్నాడు. అప్పట్లో మా చాల్‌లో కూడా బియ్యమూ పప్పూ పోగుచేసి పంచిన మాట నిజం. నడిచిపోతున్న వారి వెంట మాత్రం మేమెవ్వరమూ పోలేదు.

"అప్పుడు మాకు కిలోమీటరుకు పది రూపాయలెవ్వడిచ్చిండు?" అని మేస్త్రీ నవ్వాడు. ఎవ్వరూ నవ్వలేదు. నాలుగో నంబరు పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తరువాత ఎవరూ అడగకుండానే మేస్త్రీ కింద కూర్చుని చెవి మీది పెన్సిలు తీశాడు. ఎర్ర గీత మీద తన గీత గీయడం మొదలుపెట్టాడు. "ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీదికి పోనియ్యరు. ఖోపోలీ కాడ పాత ఘాటు రోడ్డు పట్టుకోండ్రి, మలుపుల కాడ లోపలి దిక్కు నడవకుండ్రి, లారీ కనబడది. కొత్త బూట్లు ఏసుకోకుండ్రి, పాతయే మంచిగ. పుణే దాటినంక చెట్టుండదు. తెల్లారి నాలుగింటికి లేస్తే తొమ్మిదింటికల్ల ఆపాలె. ఈడ నీళ్లు లెవ్వు. ఈడ ఉన్నయి గని ఉప్పు. ఈ పెట్రోలు బంకు కాడ పండనిస్తరు." కుర్రవాళ్లు బడిపిల్లల్లా రాసుకున్నారు. రాజమాచీ ఎక్కిన మేమూ రాసుకున్నాం.

వాళ్లు బ్యానరు మీద 'సాహస పాదయాత్ర' అని రాయించుకున్నారు. మర్నాడు పొద్దున వరండాలో ఆరవేసి ఉన్నప్పుడు చూస్తే 'సాహస' అన్న ముక్క మీద తెల్లరంగు పూసి ఉంది.

ప్రయాణం సంక్రాంతి వెళ్లాక. పేర్లు ఇవ్వదలచినవారు, వాగ్దానం రాయదలచినవారు ఆదివారం సాయంత్రం నాలుగో నంబరు ఖోలీలో కలుసుకోవచ్చు. కిందటి నడక బాకీదారులు ఇరవై ముగ్గురు, మేము చెల్లించాక ఇరవై ఇద్దరు, వచ్చేటప్పుడు పాత బాకీ కూడా వెంట తెచ్చుకుంటే మంచిది. వారి పేర్లు మేమిక్కడ వేయడం లేదు. కొళాయి దగ్గర గోడ మీద ఉన్నాయి.

మేస్త్రీ మాత్రం రానన్న మాట మీదే ఉన్నాడు. పోతూపోతూ ఒక పని అప్పజెప్పాడు. టెంభూర్ణీకి ఇంకా కొంత ఇవతల, రోడ్డు ఎడమపక్క, చింతచెట్టు కింద రేకుల ఇల్లు ఒకటుందట. అప్పుడు లారీ దొరకక ముందటి రోజు మధ్యాహ్నం ఆ ఇంటి ముసలమ్మ ఏడుగురికీ జొన్నరొట్టె, పచ్చిమిరప కారం పెట్టి, ఊరు అడిగిందట, పేరు అడగలేదట. ఆమె ఇంకా ఉంటే, అందరూ ఇల్లు చేరారని చెప్పమన్నాడు.